సావిక్ పంపిన మబ్బులు

యాంకరేజ్
నవంబర్ 21, 1999

మా ఆయన సావిక్‌కి,

మీ ఇల్లాలు బ్యూలా రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బాగా లేకపోయినా బాగున్నానని రాయాలి కాబట్టి ముందే రాసేశాను, ఇక ఆ గొడవ వదిలేద్దాం.

నిన్న నర్సు పిల్ల మంచం పక్కన నీ ఫొటో చూసి "ఎవరమ్మా ఈ అబ్బాయి?" అంది. "మా ఆయన" అన్నాను. నోరు తెరిచింది పాపం. "అసలు మా ఆయన తిమింగలం వేటకని సముద్రపు మంచు మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ మరుసటేడు మా పెద్దమ్మాయికి వీడు పుట్టాడు. ఆయన పేరే పెట్టుకున్నాం. పేరు వచ్చాక మనిషి రాకుండా ఎలా ఉంటాడు? తల్లి పోతే నేనే పెంచాను కూడా. మొగుణ్ణి పెంచి పెద్దచేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే" అన్నాను. నా రక్తంతోపాటు బుర్రని కూడా మిషన్‌లో పెట్టి కడగాలన్నట్టు చూసింది.

మిషన్ అంటే తెలుసుగా. వారానికి మూడుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమచేతికి సూదులు గుచ్చి, రక్తమంతా బయటికి లాగి కడిగి మళ్ళీ లోపలికి పోస్తారు. మన బారోలో కూడా ఆ మిషన్ ఒకటుంటే నేనీ ఊరి మొహం చూసేదాన్నే కాదు. తిండి సంగతి అడగకు. చప్పిడి కోడి సూపు. మక్తాక్ ముక్క ఒక్కటి దాచుకుని తింటుంటే పట్టుకున్నారు. తిమింగలం చర్మం, దాని కింద కొవ్వు, అంత మంచి వస్తువుని రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకెళ్ళారు. నా ఉలు మాత్రం తలగడ కింద భద్రంగా ఉంది. ఆడదాని దగ్గర కత్తి లేకపోతే ఎలా?

నాకు ఇక్కడ తోచనిది ఒక్కటే. కిటికీలోంచి చూస్తే కార్లు ఆపుకునే చోటు, దాని వెనక చెట్లు, చెట్ల వెనక కొండలు. ఇన్ని అడ్డాలు పెట్టుకుని వీళ్ళు ఆకాశం ఎలా చూస్తారో తెలియదు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు సగమే కనిపిస్తుంది. మన దగ్గర ఆకాశం ఎలా ఉందో రాయి. ఫోను వద్దు. వరండాలో ఫోను దగ్గర నా మాటలు అందరికీ వినిపిస్తాయి, నీవి నాకు వినపడవు.

మీరు మంచు మీదికి వెళ్ళిన రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. నీళ్ళు తెరుచుకున్న చోట మబ్బు అడుగు నల్లబడుతుందనీ, గట్టి మంచు ఉన్నచోట తెల్లగా ఉంటుందనీ మనూళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. ఆ రోజు మబ్బు నేలదాకా దిగిపోయింది. నలుపూ లేదు, తెలుపూ లేదు. మీ వెనక మంచు చీలిందని మీకెవరు చెప్తారు? అప్పట్నుంచి పొద్దున లేచి ఆకాశం చూడకపోతే నాకు ముద్ద దిగదు. ఆ సావిక్ మబ్బు వల్ల ఇల్లు చేరలేదు. ఈ సావిక్ మబ్బులు చూసి జీతం తీసుకుంటున్నాడు. చూసేదేదో నాకూ కాస్త పంపించు.

అలాగే కారిబూ దుప్పి వెన్నునరం పంపు. వేటకెళ్ళే చర్మపు పడవ కుట్టడానికి దారం పేనాలి కదా. నా కుడిచేయి ఖాళీగానే ఉంటోంది.

ఇట్లు
మీ కోసం ఎదురుచూసి చూసి అలవాటైన
బ్యూలా


బారో
డిసెంబర్ 5

ఏమే ముసలిదానా,

నీ ఉత్తరం మన పడవ పెద్ద రాక్సీ మామ ఇంట్లో గట్టిగా చదివాను. మక్తాక్ సంగతి వచ్చేసరికి డెల్లా పిన్ని "మా అమ్మ నోట్లోది తీసుకెళ్ళిన చెయ్యి ఎవరిదో చెప్పండి" అని లేచింది. నవ్వలేక చచ్చాం. తర్వాత ఎవరూ ఏమీ తినలేదులే.

సూర్యుడు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నంపూట దక్షిణాన కాస్త ఎరుపు కనిపించి ఆరిపోతుంది. ఆకాశం ఎలా ఉందని అడిగావు. ఆకాశం కనిపించడం లేదు, మబ్బు కప్పి వారం దాటింది. అందుకే మా పళ్ళెం చూసినదే నీకు పంపుతున్నాను, కాగితం ఇందులో పెట్టాను.

మా పళ్ళెం నువ్వెప్పుడూ చూడలేదు కదా, ఊరికి తూర్పున, మేం పనిచేసే డబ్బాగదుల పక్కన ఉంటుంది. నోరు పైకి పెట్టుకున్న పెద్ద తెల్ల పళ్ళెం, పైన గుడ్డ బిగించి ఉంటుంది. అదే రాడార్. కంటికి కనబడని తరంగాన్ని నిట్టనిలువుగా పైకి వదులుతుంది. అది మబ్బుకి తగిలి కొంచెం వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని బట్టి మబ్బు ఎంత ఎత్తున ఉంది, ఎంత మందం, ఎన్ని పొరలు అన్నది తెలుస్తుంది. నా ఉద్యోగం ఏమిటంటే ఆ గుడ్డ మీద మంచు ఊడ్చడం, నక్కలు తీగలు కొరక్కుండా చూడటం, తెల్ల ఎలుగుబంటి వస్తే శాస్త్రవేత్తల్ని లోపలికి తోసి తుపాకీ పట్టుకుని బయట నిలబడటం. మబ్బుల్లో తేలే ఉద్యోగమని నువ్వు ఊరంతా చెప్పావు, నిజానికి చీపురు ఉద్యోగం.

ఫియోనా అనే శాస్త్రవేత్త వచ్చి ఉంది. మంచి మనిషి, మన చలికి రోజుకోసారి ఏడుస్తుంది. మన చలికాలపు మబ్బులో వాళ్ళకి ఒక వింత దొరికిందట. అంత చలిలో ఆ మబ్బు మొత్తం మంచు పలుకులైపోవాలి. కానీ దాని పైభాగంలో సన్నటి పొరగా నీరు నీరుగానే ఉండిపోతుందట, రోజుల తరబడి. గడ్డకట్టదు. ఎందుకు కట్టదో తేల్చడానికే ఇంతమంది ఇంత ఖర్చుపెట్టుకుని వచ్చారు. ఆ నీటి పొర ఉన్నంతకాలం నేలమీద చలి తగ్గుతుంది, మంచుకి దుప్పటి కప్పినట్టే.

వెన్నునరం పంపుతున్నాను. నిదానంగా పేను, తొందరేం లేదు. పడవ గురించి బెంగ పెట్టుకోకు. నీ ఒంటిని చూసుకో. డాక్టరు చెప్పిన సూపు తాగు.

నీ మొగుడు
సావిక్


యాంకరేజ్
జనవరి 4, 2000

మా ఆయనకు,

నీ కాగితం గోడకి అంటించాను. ఎంత బాగుందో! ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లగా, నిండుగా. అది చూశాక క్రిస్మస్ హాయిగా గడిచింది. మన వాళ్ళు ఎటు వెళ్ళినా కాళ్ళ కింద గట్టి మంచు ఉందని ధైర్యంగా పడుకున్నాను. నర్సులకి కూడా చూపించాను. "ఇది మా ఊరి ఆకాశం, మా ఆయన పంపాడు" అంటే "కాగితానికి ఎక్కడో సిరా అయిపోయినట్టుంది" అన్నారు. చదువుకున్నవాళ్ళే, చూడటం ఒక్కటీ నేర్పలేదు.

నా గురించి దిగులుపడకు. ఇక్కడ బాగా కాలక్షేపం అవుతోంది. శుక్రవారం బింగో ఆడిస్తారు. నాకొక స్నేహితురాలు దొరికింది, బెతెల్ వైపు నుంచి వచ్చింది, పేరు ఒల్గా. నా పక్క కుర్చీయే. వాళ్ళ భాష నాకు సగం అర్థమవుతుంది, మిగతా సగం ఇద్దరం నవ్వుతాం. మొన్న ఇద్దరం కలిసి బింగోలో ఒక దుప్పటి గెలిచి కోసుకుందామా అని దెబ్బలాడుకున్నాం. ఇక్కడే ఉండిపొమ్మన్నా ఉండిపోయేలా ఉన్నాను, చూసుకో మరి!

గడ్డకట్టని నీరు గురించి రాశావు. దానికోసం అంత దూరం రావాలా? నా దగ్గరికి వస్తే చూపించేదాన్ని కదా. ఎంత చలిలో పెట్టినా నీ ముసలిది గడ్డకట్టదని ఫియోనాకి చెప్పు.

దారం మొదటి చుట్ట పంపుతున్నాను. ఎడమచేయి వాళ్ళకి అప్పగించాను కాబట్టి కుడిచేత్తో, పళ్ళతో పేనాను. అక్కడక్కడ లావుగా వచ్చింది, డెల్లా వంకలు పెడుతుంది, పెట్టనీ. పడవ ఎప్పుడు కుడుతున్నారు? మామూలుగా మార్చిలోనే కదా. చర్మాలు మెత్తబడ్డాయా? వాసన బాగా పట్టిందా? రాక్సీ ఏమంటున్నాడు? నా చోటు గుర్తుంది కదా, ముక్కుభాగం, సముద్రంవైపు.

మీ
బ్యూలా


బారో
జనవరి 30

ముసలిదానా,

సూర్యుడు వచ్చాడు. పూర్తిగా కాదు, అంచు చూపించి వెళ్ళాడు. బడిపిల్లలందరూ మంచుదిబ్బ ఎక్కి కేకలు పెట్టారు. నువ్వుంటే నన్నూ ఎక్కించేదానివి.

నీ ఉత్తరం చదివి మాకందరికీ పెద్ద బరువు దిగినట్టయింది. నువ్వు అక్కడ ఏడుస్తూ ఉంటావేమోనని మేమిక్కడ మొహాలు వేలాడేసుకుని ఉంటే, నువ్వు దుప్పట్లు గెలుచుకుంటున్నావన్నమాట. ఒల్గా గారికి నా నమస్కారం చెప్పు.

ఇక్కడో ఘనకార్యం జరిగింది. పోయిన వారం గాలికి ఇనపరేకు ఒకటి ఎగిరొచ్చి పళ్ళెం మీది గుడ్డని చీల్చేసింది. కొత్త గుడ్డ రావడానికి చాలా రోజులు పడుతుంది. ఈలోగా లోపలికి మంచు పోతే రాడార్ పాడవుతుంది. ఫియోనా జుట్టు పీక్కుంటుంటే నీ దారం గుర్తొచ్చింది. కూర్చుని నువ్వు నేర్పిన రెండు వరసల కుట్టు వేశాను, సూది రెండోవైపు పొడుచుకురాకుండా. నా కుట్టు చూస్తే నువ్వు ఊరు వదిలి పారిపోతావు, నత్త నడిచినట్టుంది. కానీ మంచు లోపలికి పోలేదు. తమాషా ఏమిటంటే, నీ దారం మీదుగానే ఇప్పుడు మబ్బులన్నీ లెక్కకొస్తున్నాయి.

కొత్త కాగితం పెట్టాను. ఈసారి అంతా తెలుపే కాదు, చూడు ఎంత అందంగా ఉందో. ఫియోనాకి ఇదంటే చాలా ఇష్టం.

పడవ సంగతి మేం చూసుకున్నాం. నువ్వు దాని గురించి ఆలోచించనే వద్దు. రాక్సీ మామ ఈ వసంతంలో నన్ను కూడా తనతో మంచు మీదికి రమ్మంటున్నాడు. నువ్వు తిడతావని తెలుసు, అందుకే చివర్లో రాశాను.

నీ మొగుడు
సావిక్


యాంకరేజ్
ఫిబ్రవరి 9

సావిక్ గారికి,

కాగితం అందింది. గోడకి అంటించలేదు.

నేను ముసలిదాన్నే గాని గుడ్డిదాన్ని కాను. సముద్రంవైపు తిరిగి నిలబడితే ఎడమచేతి పక్కన అంతా నలుపు. ఆ చివర నుంచి దాదాపు సగం దాకా నలుపు. జనవరిలోనే అంత నీరు తెరుచుకుందంటే ఈ ఏడు ఎవరూ ఆగరు, తొందరగా వెళ్తారు. పడవ కుట్టేశారు. అందుకే నా దారం మిగిలింది. మిగిలింది కాబట్టే గుడ్డకి వేశారు. పడవ కోసం పళ్ళతో పేనిన దారం!

ఎవరు కూర్చున్నారు నా చోట? డెల్లాయేనా? నాకు ఊహ తెలిసినప్పట్నుంచి మన పడవ కుట్టేటప్పుడు నేను లేని ఏడు లేదు. మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు కూడా కూర్చున్నాను. "కుట్టేశాం అమ్మమ్మా, నువ్వు రాలేవు కదా" అని ఒక్క ముక్క రాస్తే నేనేమైనా చచ్చిపోతానా? చూసుకున్నాం అట, చూసుకున్నాం!

పైగా ఆ నీటి పక్కకి మిమ్మల్ని తీసుకెళ్తారట. ఒకసారి వెళ్ళారు, చాలదూ? నేనిక్కడ సూదులు గుచ్చించుకుని కూర్చుని ఆ నల్లటి పట్టీ చూస్తూ ఉండాలా?

ఇక నాకు ఆకాశాలు పంపకండి.

బ్యూలా


బారో
ఫిబ్రవరి 16

అమ్మమ్మా,

నీకెందుకు కోపం వచ్చిందో నాకొక్క ముక్క అర్థం కాలేదు. "గారు" అని రాశావు, అదొక్కటే అర్థమైంది.

దారం వాడటం తప్పే అనుకో, ఒక్క మూర వాడాను. మిగతాదంతా అలాగే ఉంది. నీళ్ళు తెరుచుకోవడమేమిటి? సముద్రం అంచుదాకా గడ్డకట్టి ఉంది. నీకు ఎవరు చెప్పారు?

నీ చోటు గురించి అడిగావు కాబట్టి చెప్తున్నాను. అవును, ఆ చోటు డెల్లా పిన్నికి ఇమ్మని రాక్సీ మామతో నేనే అన్నాను. ఇక్కడే ఉండిపోయేలా ఉన్నానని రాసింది నువ్వే కదా? ఒల్గా, బింగో, దుప్పటి అని రాసింది నువ్వే కదా? నువ్వక్కడ సుఖంగా ఉంటే రమ్మని పిలిచి నీ ప్రాణం మీదికి తేవడమెందుకని ఊరుకున్నాను. మిషన్ దగ్గర్నుంచి నువ్వు కదిలితే ఏమవుతుందో డాక్టరు నాకు ఫోన్‌లో చెప్పాడు. నాకు పడవ ముఖ్యమా, నువ్వు ముఖ్యమా? తిట్టదలుచుకుంటే తిట్టు, కానీ మీరు మీరు అనకు.

సావిక్


బారో
ఫిబ్రవరి 20

ఏమే నా ముసలిదానా,

మొన్న కోపంలో రాసి పడేశాను. ఆ ఉత్తరం నీకు చేరకపోతే బాగుండు. మంచుతుఫాను వచ్చి విమానం రాలేదు కాబట్టి రెండూ కలిసే చేరతాయేమో. ఇదే ముందు చదువు.

నిన్న రాక్సీ మామ మా డబ్బాగదికి టీ తాగడానికి వచ్చాడు. నీకు పంపిన కాగితంలాంటిదే బల్లమీద ఉంది. చూడగానే కప్పు కింద పెట్టి "ఎక్కడ్రా ఇది? ఇంత నీరు ఎప్పుడు తెరుచుకుంది? నాకెవరూ చెప్పలేదేం?" అని కోటు తొడుక్కున్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. మన పడవవాళ్ళు ఎవరు చూసినా అలాగే చూస్తారు. నేనూ ఈ ఉద్యోగంలో చేరకముందు అలాగే చూసేవాణ్ణి.

ఇది నా తప్పు, ముందే చెప్పాల్సింది. ఆ కాగితం మనం ఒడ్డున నిలబడి చూసే ఆకాశం కాదే. మా పళ్ళెం పక్కకి చూడలేదు. దానికి సముద్రమంటే తెలియదు, ఊరంటే తెలియదు. కదలకుండా నడినెత్తిన ఉన్నది మాత్రమే చూస్తుంది. కాగితంలో ఎడమ అంటే ఎడమచేతివైపు కాదు, ముందు రోజులు. కుడి అంటే తర్వాతి రోజులు. పైనుంచి ఏ మబ్బు ఎప్పుడు వెళ్ళిందో అదే గీసుకుంటూ పోతుంది. తెలుపు ఉంటే మబ్బు ఉన్నట్టు. నలుపు ఉంటే ఏమీ లేనట్టు. నీళ్ళు కాదు, ఖాళీ. సూర్యుడు వచ్చాక ఆకాశం మబ్బు లేకుండా ఉండింది, చుక్కలు కనిపించాయి. ఆ రోజులే నువ్వు చూసి భయపడ్డ నలుపు. రాక్సీ మామకి చెప్తే కోటు విప్పి, "ఆకాశం చూడటం రానివాళ్ళకి ఆకాశం అప్పగించారు" అని టీ మొత్తం తాగి వెళ్ళాడు.

పడవ కుట్టలేదు. కర్రల చట్రం ఇంకా షెడ్డులో బోడిగా ఉంది. చర్మాలు నానుతున్నాయి, వాసనకి మా వీధిలో కుక్కలు కూడా ముక్కు తిప్పుకుంటున్నాయి, అంటే సరిగ్గా కుదిరినట్టే. డెల్లా పిన్నిని నీ చోట కూర్చోమంటే ఏమందో తెలుసా? "అమ్మ బతికుండగా ఆ చోట కూర్చుంటే కుట్టు కారుతుంది. కావాలంటే నువ్వు కూర్చో" అంది. నీ సీలుచర్మపు పరుపు తెచ్చి అక్కడ వేసి, దానిమీద ఎవరూ అడుగుపెట్టకుండా సుత్తి పెట్టింది.

నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఏదీ బాగోలేదు. పొద్దున లేవగానే ఇప్పటికీ రెండు కప్పులు పెడుతున్నాను. సుఖంగా ఉన్నావని రాస్తే సంతోషించానన్నాను కదా, అబద్ధం. కడుపు మండింది.

డాక్టరుతో మళ్ళీ మాట్లాడాను. మిషన్ శుక్రవారం ఎక్కితే మళ్ళీ సోమవారం దాకా ఆగవచ్చట. శనివారం విమానానికి వచ్చి, కుట్టి, సోమవారం పొద్దున విమానానికి వెళ్ళిపోవచ్చు. వస్తావా? రమ్మని అడగడానికి భయంగా ఉంది. అయినా అడుగుతున్నాను.

నీ మొగుడు
సావిక్


యాంకరేజ్
మార్చి 3

మా ఆయనకు,

రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. నేను కోపంది ముందు చదివాను, నువ్వు చెప్పినట్టు ఎప్పుడు విన్నాను గనక.

ఆ నలుపు చూసి నేను పడ్డ బాధ నీకు తెలియదు. నువ్వూ రాక్సీ అంచున నిలబడినట్టూ, వెనక చీలినట్టూ పగలే కళ్ళముందు ఆడేది. అది ఖాళీ అట! ఏమీ లేని దానికి ఇంత ఏడ్చానన్నమాట. ఒక పని చెయ్యి, ఇకముందు పంపే కాగితాల మీద "నీళ్ళు కాదు" అని పెద్దక్షరాలతో రాయి. లేకపోతే మనూరి ముసలివాళ్ళందరూ గుండె ఆగి పోతారు.

ఇప్పుడు నా అబద్ధాలు. బింగో ఒక్కసారే ఆడాను. ఒల్గా ఉన్నమాట నిజమే. దుప్పటి గెలవడమూ నిజమే. కానీ ఆ వారమే ఒల్గా కుర్చీ ఖాళీ అయింది. దుప్పటి కోసుకోనవసరం లేకుండా మొత్తం నాకే వచ్చింది. నీకు రాసే నాటికి అది నా ఒళ్ళోనే ఉంది. ఆ దుప్పటి కప్పుకుని నీకు బాగా కాలక్షేపమవుతోందని రాశాను. రాసి, ఇంటికి పోవాలి, ఇంటికి పోవాలి అని గోడకి చెప్పుకున్నాను. నువ్వు నమ్ముతావనుకోలేదు. మొగుడై ఉండి పెళ్ళాం అబద్ధం కనిపెట్టలేకపోతే ఎట్లాగయ్యా?

వస్తున్నాను. పదకొండో తారీఖు శనివారం. డాక్టరు సోమవారం తిరిగి రావాలని మూడుసార్లు చెప్పాడు. విన్నానని తలూపాను. పెద్ద సూదులు మూడు, మైనం, దారం మిగతా చుట్టలు అన్నీ సర్దుకున్నాను. ఉలు చేతిసంచిలో పెడితే విమానంవాళ్ళు లాక్కుంటారట, పెట్టెలో పెడుతున్నాను. ఫ్యానీకి పొద్దున్నే వాంతులవుతున్నాయని డెల్లా ఫోనులో అరిచింది, ఆ ముక్క ఒక్కటీ స్పష్టంగా వినిపించింది. నీ అక్కకి పుల్లటివి పెట్టండి.

నాదొక కోరిక. నీ పళ్ళెం నడినెత్తిన ఉన్నదాన్నే చూస్తుందన్నావు. విమానం దిగేటప్పుడు దాని మీదుగా వస్తుందా? వస్తే నేను కూడా నీ కాగితంలో పడతానా? ఇన్నాళ్ళూ మనూరి మీదుగా వెళ్ళిన ప్రతి మబ్బునీ రాసుకుంది కదా, నన్ను కూడా ఒకసారి రాసుకోమను.

వచ్చేస్తున్న
బ్యూలా


బారో
అక్టోబర్ 8

ఏమే ముసలిదానా,

నువ్వు నెల ముందే పుట్టుకొచ్చేశావని ఫ్యానీ ఫోన్ చేసింది. తొందర నీకెప్పుడూ ఉన్నదే. పిడికెడంత ఉన్నావట, అరుపు మాత్రం వరండా చివరిదాకా వినిపిస్తోందట. మళ్ళీ అదే ఊరు, మళ్ళీ అదే ఆసుపత్రి, మళ్ళీ చుట్టూ మిషన్లు. కొన్నాళ్ళు అక్కడే ఉంచి లావెక్కాక పంపిస్తారట. నీకు పేరు పెట్టడానికి ఇక్కడ ఎవరూ ఆలోచించలేదు. రాక్సీ మామ "బ్యూలా వచ్చిందా, సరే, మాంసం కొయ్యండి" అన్నాడు, అంతే. ఈ ఉత్తరం ఫ్యానీ నీ చెవి దగ్గర చదువుతుంది. నీకు కొన్ని సంగతులు తెలియవు. నువ్వు వెళ్ళిపోయాక జరిగినవి కూడా ఉన్నాయి.

ఆ శనివారం గాలి పడమటినుంచి వీచింది. కాబట్టి విమానం తూర్పునుంచి తిరిగి మా మీదుగానే దిగింది. పల్చటి మబ్బు ఉంది. నేను పరుగెత్తుకుంటూ విమానాశ్రయానికి వచ్చి, నిన్ను చక్రాలబండిలో కూర్చోబెట్టుకుని తిన్నగా మా డబ్బాగదికే తీసుకెళ్ళాను. ఫియోనా కాగితం తీసి ఇచ్చింది. తెల్లటి మబ్బులో నిలువుగా సన్నటి గీత. "ఇదేనా నేను? చూశావా, ఆ సూపు తాగించి ఎంత చిక్కిపోయేలా చేశారో!" అన్నావు. ఫియోనా మళ్ళీ ఏడ్చింది. ఈసారి చలికి కాదు.

ఆదివారమంతా కుట్టావు. ఎడమచేయి పట్టు తప్పితే డెల్లా పిన్ని చర్మం పట్టుకుంది, సూది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు మధ్యలో ఆగి కళ్ళు మూసుకున్నప్పుడు ఆడవాళ్ళందరూ సూదులు దించి నిన్నే చూస్తూ కూర్చున్నారు, నువ్వు కళ్ళు తెరిచి "ఏమిటి, పెళ్ళిచూపులా?" అనేదాకా.

సోమవారం పొద్దున మబ్బు నేలదాకా దిగింది. విమానం రాదని అందరూ అన్నారు. నేను రాడార్ చూసి వచ్చి చెప్పాను, మబ్బు పల్చబడుతోంది, మధ్యాహ్నానికి విమానం దిగుతుంది, సిద్ధమవ్వమని. నువ్వు చర్మం మీద చెయ్యి పెట్టి కూర్చుని "దిగుతుంది లేవయ్యా. నీ మాట మీద నమ్మకం ఉంది. నేనే ఎక్కను" అన్నావు. నేను అరిచాను. డాక్టరుకి మాటిచ్చానన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలాను. నువ్వు నా తల నిమిరి, "అప్పుడు నువ్వు నన్నడిగి వెళ్ళావా? ఇప్పుడు నా వంతు" అన్నావు. తర్వాత, "మళ్ళీ వచ్చేటప్పుడు మంచి కిడ్నీలు చూసుకుని వస్తాను" అన్నావు. దానికి ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, నిన్ను ఎప్పటికీ క్షమించనని అనుకుంటూనే నవ్వాను.

విమానం మధ్యాహ్నం వచ్చి వెళ్ళింది. ఆ కాగితంలో కూడా గీత పడింది. దాన్ని నేను చించేశాను.

తర్వాతి రోజులు నీకు గుర్తుంటే ఉంటాయి, లేకపోతే పోనీ. మక్తాక్ అడిగిన ప్రతిసారీ పెట్టాం. కిటికీ దగ్గర పడుకోబెట్టాం. రోజూ నేను రాడార్ కాగితం తెచ్చి చూపించేవాణ్ణి, నువ్వు దాన్ని పక్కన పెట్టి కిటికీలోంచి చూసి నాకే ఆకాశం చెప్పేదానివి. మాట తగ్గిపోయిన రోజున నన్ను వంగమని, "మంచు మీదికి వెళ్ళు. కానీ మబ్బు అడుగు చూసుకుని వెళ్ళు" అన్నావు. నలుపు కనిపించకముందే నువ్వు వెళ్ళిపోయావు.

ఏప్రిల్ చివర నీళ్ళు తెరుచుకున్నాయి. నిజంగా తెరుచుకున్నాయి. ఒడ్డున నిలబడి చూస్తే ఎడమచేతి పక్కన మబ్బు అడుగున నల్లటి పట్టీ, నువ్వు కాగితంలో చూసినట్టే. రాక్సీ మామ నన్ను ముక్కుభాగంలో కూర్చోబెట్టాడు, సముద్రంవైపు. నా మోకాలి పక్కనే నీ కుట్టు. ఎక్కడ నీ చెయ్యి ఆగిందో అక్కడ కాస్త వంకర పోయి మళ్ళీ తిన్నగా వచ్చింది. పడవ నీళ్ళలోకి దిగాక మొదట ఆ చోటే తడిమి చూశాను. పొడిగా ఉంది. ఆ రోజంతా నీటిమీద తిరిగాం, ఒక్క చుక్క రాలేదు. నా వెనక మంచు చీలిందా లేదా అని ప్రతి క్షణం మబ్బు చూసుకుంటూనే ఉన్నాను. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. గుమ్మంలో నిలబడి, వచ్చానని చెప్పడానికి ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సావిక్ ఇల్లు చేరలేదని కదా నీ బాధ. చేరాడే. నువ్వే లేవు.

ఫియోనా మళ్ళీ వచ్చింది. గడ్డకట్టని నీరు ఎందుకు గడ్డకట్టడం లేదో ఇంకా తేలలేదట. వచ్చే ఏడాదీ చూస్తారట. పళ్ళెం గుడ్డ కొత్తది వేశారు, పాతది పారేస్తుంటే నీ దారం ఉన్న ముక్క కోసి దాచాను.

ఈ ఉత్తరంతో సన్నటి గీత ఉన్న ఆ కాగితం పంపుతున్నాను. ఫ్యానీ నీ గాజుపెట్టె మీద అంటిస్తుంది. నర్సులు అడిగితే ఇదే నేనని చెప్పు. బాగా తిను, సూపే అయినా తాగు. నువ్వు ఎక్కే విమానం ఏ రోజో తెలియగానే పళ్ళెం ఊడ్చి, గాలి పడమటినుంచి రావాలని ఎదురుచూస్తూ ఉంటాను. షెడ్డులో నీ పరుపు మీద సుత్తి ఇంకా అలాగే ఉంది, డెల్లా పిన్ని ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

పొద్దున్నే రెండు కప్పులు పెడుతూనే ఉన్నాను. ఇంటికి రా.

నీ మొగుడు
సావిక్